అంగడికి వేలం ఉంది, మేకకు లేదా?

ఏటా ఆర్థిక సంవత్సరం ముగిసే ముందు మన పల్లెల్లో ఒక చాటింపు వినిపిస్తుంది. వారపు అంగడి తైబజారు వసూలు హక్కును ఫలానా రోజున వేలం వేస్తున్నారనీ, పాట పాడదలచినవారు ధరావతు సొమ్ము కట్టి హాజరు కావాలనీ దాని సారాంశం. ఆ రోజు ఆఫీసు ముందర అధికారులు, ఊరి పెద్దలు, పాటదారులు, ఊరికే చూడవచ్చినవారు అందరూ చేరతారు. సర్కారువారి పాట మొదలవుతుంది. ఒకరు పెంచుతారు. మరొకరు అంతకు మించి పెంచుతారు. ఒకటోసారి, రెండోసారి, మూడోసారి! హెచ్చు పాట పాడినవారికి అంగడి దక్కుతుంది. ఎంతకు దక్కిందో సాయంత్రానికల్లా ఊళ్లో చిన్నపిల్లలు కూడా చెబుతారు. మన పెద్దలు దీనినే హర్రాజు అనేవారు.

వారం తిరిగేసరికి అదే అంగడిలోకి ఒక రైతు తన మేకపోతును తోలుకొస్తాడు. గేటు దగ్గర డబ్బు కట్టి చీటీ తీసుకుంటాడు. లోపల అడుగు పెట్టీ పెట్టకముందే ఇద్దరు ముగ్గురు చుట్టుముడతారు. ఒకడు మేక వెన్ను మీద చెయ్యి వేసి నొక్కుతాడు. మరొకడు నోరు తెరిచి పండ్లు చూస్తాడు. ఇంకొకడు పెదవి విరుస్తాడు. తరువాత దళారి, బేరగాడు చేతులు కలుపుతారు. ఆ చేతుల మీద ఒక రుమాలు పడుతుంది. రుమాలు కింద వేళ్లు ఏవో మాట్లాడుకుంటాయి. పక్కనున్న రైతుకు వినిపించేది ఒక్క మాటే: “ఇంతకు మించి రాదు. ఇస్తావా, తోలుకపోతావా?”

అంగడిని పదిమంది ఎదుట వేలం వేసే మనం, ఆ అంగడిలోని పశువును మాత్రం గుడ్డ కింద అమ్ముతున్నాం. సర్కారు సొమ్ముకు బహిరంగ వేలం కావాలి, బక్క రైతు సొమ్ముకు అక్కరలేదా? ఇదీ ఈనాడు మన జిల్లా రైతాంగం ఆలోచించవలసిన ప్రశ్న.

రుమాలు కింద ఏముంది?

రుమాలు కింది బేరం నిన్నమొన్నటిది కాదు. తాతల నాటి పద్ధతి. ఒక వేలు పట్టుకుంటే ఒక లెక్క, రెండు వేళ్లు పట్టుకుంటే ఒక లెక్క, గుప్పిట మొత్తం పట్టుకుంటే ఇంకో లెక్క. అది వందా, వెయ్యా, పదివేలా అన్నది ఆ ఇద్దరికే తెలుసు. పక్కవాడికి ధర తెలియకూడదన్నదే ఆ రుమాలు ఉద్దేశం. పక్కవాడికి తెలియకపోతే పక్కవాడు పెంచడు. పక్కవాడు పెంచకపోతే ధర అక్కడే ఆగిపోతుంది. రైతుకు నష్టం ఎక్కడ జరుగుతున్నదో తెలుసుకోవడానికి ఇంతకంటే పెద్ద లెక్కలు అవసరం లేదు.

ఈ వ్యాసకర్త స్వానుభవం ఒకటి చెబుతాను. ఏ అంగడి, ఎవరు కొన్నారు అన్నది ఇక్కడ అప్రస్తుతం. రెండేళ్ల క్రితం ఆషాఢమాసంలో రెండు మేకపోతులను ఆటోలో వేసుకుని అంగడికి పోయాను. పిల్లవాడి కాలేజీ ఫీజు కట్టవలసి ఉంది. ఆ సంగతి నా ముఖం మీద రాసి ఉందో ఏమో, పొద్దున ఎనిమిది గంటల నుంచి పది వరకు అందరూ ఒకే ధర అడిగారు. చివరకు రెండూ కలిపి 17,000 రూపాయలకు తెగాయి. డబ్బు లెక్కపెట్టుకుని చాయ తాగి వస్తుండగా, అంగడి అవతలి మూలన నా మేకపోతులే కనిపించాయి. మెడకు నేను కట్టిన తాడు కూడా తీయలేదు. రెండు గంటలు కాకముందే అవి 21,500 రూపాయలకు మరొకరి చేతికి మారాయి. మేకలు అదనంగా ఒక్క పిడికెడు మేత తినలేదు. ఒక్క పూట ఎవరూ వాటిని కాయలేదు. ఆ 4,500 రూపాయలు ఎక్కడి నుంచి వచ్చాయి? రుమాలు కింద నుంచి వచ్చాయి.

ఇందులో దళారిని మాత్రమే తిట్టి లాభం లేదు. దళారికి పశువు సంగతి తెలుసు. కొనేవాడెవడో తెలుసు. అమ్మేవాడికీ కొనేవాడికీ మాట కుదురుస్తాడు. రేపు ఏదైనా తగాదా వస్తే మధ్యవర్తిగా నిలబడతాడు. చేసిన పనికి కూలి తీసుకోవడం తప్పు కాదు. కూలి ఎంతో చెప్పకుండా తీసుకోవడం తప్పు. ధర దాచి, ఆ దాచినదానిలో తన వాటా పెట్టుకోవడం తప్పు. రుమాలు తీసేస్తే దళారి పోడు. అతని కూలి ఎంతో పైకి తేలుతుంది, అంతే.

గజానికి ఉన్న గౌరవం

వేలం అంటే ఏమిటో మన ప్రాంతంవారికి ఎవరూ కొత్తగా నేర్పనక్కరలేదు. 2023 ఆగస్టులో మన శంకర్‌పల్లి మండలంలోని మోకిలలో హైదరాబాద్ మహానగరాభివృద్ధి సంస్థ 50 ప్లాట్లను ఆన్‌లైన్‌లో వేలం వేసింది. గజానికి కనీస ధర 25,000 రూపాయలని నిర్ణయిస్తే, హెచ్చు పాట 1,05,000 రూపాయల దాకా పోయింది. అదే నెల 3వ తేదీన కోకాపేటలో జరిగిన వేలంలో ఒక ఎకరం 100 కోట్ల 75 లక్షల రూపాయలు పలికింది. దేశమంతా నోరు తెరిచి చూసింది.

అదే ప్లాట్లను ఒక్కొక్క కొనుగోలుదారును చాటుకు పిలిచి, చేతి మీద రుమాలు వేసి అమ్మితే ఆ ధర వచ్చేదా? రాదని ప్రభుత్వానికి తెలుసు. కనుకనే కనీస ధర ముందు ప్రకటించింది. పాట అందరికీ కనిపించేటట్లు పెట్టింది. ఒకరి ధర మరొకరికి తెలిసింది కనుకనే పోటీ పెరిగింది. గజానికి దక్కిన ఈ గౌరవం గొర్రెకు ఎందుకు దక్కకూడదు?

ఇంకొక విచిత్రం చూడండి. బ్రిటిష్ ఇండియాలో 1871లో వచ్చిన పశువుల దొడ్డి చట్టంలోనే, బందెలదొడ్డిలో పెట్టిన పశువును ఎవరూ విడిపించుకోకపోతే చాటింపు వేసి బహిరంగ వేలంలో అమ్మాలని రాశారు. అంటే యజమాని పత్తా లేని పశువుకు వేలం హక్కు నూటయాభై ఏళ్ల కిందటే వచ్చింది. యజమాని పక్కనే తాడు పట్టుకుని నిలబడ్డ పశువుకు మాత్రం నేటికీ లేదు.

అమ్మబోతే అడవి

“అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి” అన్న సామెత పశువుల అంగడిలో నిలబడ్డవాడికి బాగా అర్థమవుతుంది. చేవెళ్ల, మొయినాబాద్, శంకర్‌పల్లి మండలాల చిన్నకారు రైతు పశువులు అమ్మే వేళలు చూడండి. కోత అయిపోయి, ఎద్దులకు పని లేనప్పుడు కాడి అమ్ముతాడు. అప్పుడు అందరూ అమ్మేవారే. మళ్లీ రోహిణి కార్తెలో దుక్కి కోసం ఎద్దులు కావాలి. అప్పుడు అందరూ కొనేవారే. ఎండాకాలంలో వరిగడ్డి, చొప్ప అయిపోయి బర్రెను అమ్ముతాడు. పిల్లల ఫీజులకు, ఆస్పత్రి ఖర్చుకు, ఆడపిల్ల పెండ్లికి మేకలను తోలుతాడు. ఇష్టపడి అమ్మేవాడు ధర అడుగుతాడు. అవసరపడి అమ్మేవాడు ధర వింటాడు.

పైగా మన ప్రాంతంలో పశువులను నిలుపుకోవడమే కష్టమైపోయింది. 1996లో వచ్చిన 111 జీవో జంట జలాశయాల కోసం 84 గ్రామాల్లో కట్టడాలపై ఆంక్షలు పెట్టింది. ఆ గ్రామాల్లో మన మూడు మండలాల ఊళ్లూ ఉన్నాయి. జీవో ఉన్నా ఫాంహౌసుల ప్రహరీలు లేస్తూనే వచ్చాయి. ఒకప్పుడు మంద పోయిన దారికి ఇప్పుడు ఇనుప గేటు. బీడు భూమి ప్లాటు అయింది. చెరువు శిఖంలో మేపుదామంటే అక్కడా హద్దురాళ్లే. మేపు లేని రైతు మేకను ఇంకో నెల ఉంచి మంచి ధరకు అమ్ముదామనుకున్నా ఉంచలేడు. అంగడి నుంచి వెనక్కు తోలుకుపోదామంటే ఆటో కిరాయి మళ్లీ పడుతుంది. ఈ సంగతి కొనేవాడికి తెలుసు. అందుకే ఎండ ఎక్కేదాకా ఆగుతాడు. మధ్యాహ్నమైతే రైతు దిగివస్తాడని అతని ధీమా.

మన రైతు ఎద్దులతోనో బర్రెతోనో బయలుదేరితే షాబాద్ మండలం సర్దార్‌నగర్‌కో, నార్సింగికో, అటు సదాశివపేటకో పోతాడు. జీవాలైతే చివరకు చేరేది ఎక్కువగా హైదరాబాద్‌లోని జియాగూడ మండీకే. నగరం మన ముంగిట్లోనే ఉంది. మాంసం తినే జనం లక్షల్లో ఉన్నారు. బోనాలకు, బక్రీదుకు, దసరాకు మేక దొరకదని నగరంవారు అంటారు. ధర దొరకదని రైతు అంటాడు. ముప్పై నలభై కిలోమీటర్ల దూరంలో ఈ రెండు మాటలూ ఒకేసారి నిజమవుతున్నాయంటే మధ్యలో ఏదో దాగి ఉన్నట్లే.

పోటీ లేనిచోట ధర లేదు

కొనేవారు తగ్గితే ఏమవుతుందో 2017లో దేశమంతా చూసింది. ఆ ఏడాది మే 23న కేంద్రం పశువుల మార్కెట్ల మీద కొత్త నిబంధనలు తెచ్చింది. మార్కెట్లో అమ్మే పశువు కబేళాకు కాదని హామీ పత్రం ఉండాలన్నది. వారం తిరగకముందే మే 30న మద్రాసు హైకోర్టు మదురై ధర్మాసనం వాటిని నిలిపివేసింది. జూలై 11న సుప్రీంకోర్టు ఆ నిలుపుదలను దేశమంతటికీ వర్తింపజేసింది. ఆ నిబంధనల మంచిచెడ్డలు వేరే చర్చ. కానీ రైతు నేర్చుకోవలసిన పాఠం ఒకటుంది. అంగట్లో నలుగురు కొనేవారు ఉంటే ఒక ధర, ఇద్దరే ఉంటే ఒక ధర, ఒక్కడే ఉంటే అది ధర కాదు, దయ. రుమాలు చేసే పని కూడా ఇదే. అంగడినిండా వందమంది కొనేవారున్నా, ఆ గుడ్డ కింద మాత్రం ఒక్కడే ఉంటాడు.

అదే 2017 జూన్‌లో రాష్ట్ర ప్రభుత్వం గొర్రెల పంపిణీ ప్రారంభించింది. 20 గొర్రెలు, ఒక పొట్టేలు కలిపి ఒక యూనిట్. దాని ఖర్చు 1,25,000 రూపాయలు. అందులో 75 శాతం సబ్సిడీ. తరువాత 2021లో యూనిట్ ఖర్చును 1,75,000 రూపాయలకు పెంచారు. పెంపకం మీద అంత సొమ్ము పెట్టిన ప్రభుత్వం, పెరిగిన జీవాన్ని రైతు ఏ ధరకు అమ్ముకుంటున్నాడన్న దాని మీద అందులో పదో వంతు శ్రద్ధ పెట్టి ఉంటే బాగుండేది. గొర్రెను ఇవ్వడం సగం సాయమే. దాని ధరను కాపాడడం మిగతా సగం.

తూకం మన చేతిలోనే ఉంది

వేలం వచ్చేదాకా రైతు చేతులు కట్టుకుని కూర్చోనక్కరలేదు. అంగడికి పోయే ముందు తన జీవం ఎంత బరువుందో తానే తెలుసుకోవచ్చు. దానికి కావలసింది దర్జీ టేపు ఒకటి.

పొద్దున్నే మేతా నీళ్లూ పెట్టకముందు మేకను చదును నేల మీద నిలబెట్టాలి. ముందుకాళ్ల వెనుక నుంచి ఛాతీ చుట్టూ టేపు చుట్టి అంగుళాల్లో కొలవాలి. బిగించకూడదు, వదులుగా ఉంచకూడదు. తరువాత భుజం ముందు ఎముక దగ్గర నుంచి తోక పక్కన పిరుదు ఎముక దాకా పొడవు కొలవాలి. చుట్టుకొలతను చుట్టుకొలతతోనే హెచ్చించి, దాన్ని పొడవుతో హెచ్చించి, వచ్చినదాన్ని 660తో భాగిస్తే కిలోలు వస్తాయి. ఉదాహరణకు చుట్టు 28 అంగుళాలు, పొడవు 26 అంగుళాలు అనుకుందాం. 28ని 28తో హెచ్చిస్తే 784. దాన్ని 26తో హెచ్చిస్తే 20,384. 660తో భాగిస్తే దాదాపు 31 కిలోలు. ఇది కాటా కాదు. రెండు మూడు కిలోలు అటూ ఇటూ కావచ్చు. అయినా కంటి అంచనా కంటే వెయ్యి రెట్లు నయం.

ఇప్పుడు లెక్క చూడండి. ప్రాణంతో ఉన్న మేక కిలో 400 రూపాయలు అనుకుందాం. 31 కిలోలకు 12,400 రూపాయలు. రుమాలు కింద నుంచి 9,500 అని మాట వచ్చిందనుకోండి. టేపు లేని రైతు ఇంకో 200 వేయమని బతిమాలుకుంటాడు. టేపు ఉన్న రైతు “కాటా మీద పెట్టి మాట్లాడు” అంటాడు. ఈ ఒక్క మాటకు ఉన్న బలం బతిమాలుకోవడంలో లేదు. ప్రాణంతో ఉన్న జీవం బరువులో మాంసం సుమారు సగమో, దానికి కాస్త తక్కువో వస్తుంది. ఊళ్లో మటన్ కిలో ఎంత ఉందో ఇంట్లో ఆడవాళ్లను అడిగినా చెబుతారు. తలకాయ, కాళ్లు, తోలు అదనం. కోసేవాడి ఖర్చు, లాభం తీసివేసినా రైతుకు ఎంత రావాలో కాగితం మీద తేలిపోతుంది.

వయసు సంగతి కూడా అంతే. గొర్రెకు, మేకకు ఏడాది దాటి ఏడాదిన్నర లోపు రెండు పెద్ద పండ్లు వస్తాయి. రెండేళ్లకు నాలుగు, మూడేళ్లకు ఆరు, నాలుగేళ్లకు ఎనిమిది. అంగడిలో “ముసలిది” అని పెదవి విరిచేవాడికి నోరు తెరిచి చూపించడం రైతుకే తెలిసి ఉండాలి. ఇంటి దగ్గరే చూసుకుని పోతే అక్కడ తడబడే పని ఉండదు.

పాడి బర్రెకూ, దుక్కి ఎద్దుకూ ఈ తూకం ఒక్కటే చాలదు. బర్రెకు రెండు పూటల పాలు పిండి చూడాలి, ఎన్నో ఈతో తెలియాలి. ఎద్దుకు నడక, మెడ, గిట్టలు చూడాలి. అయితే ఇవన్నీ చాటుగా చూడవలసినవేమీ కావు. పదిమంది ఎదుట పిండిన పాలకు పదిమంది సాక్ష్యం ఉంటుంది. ఇక్కడ రైతులు కూడా ఒక మాట ఒప్పుకోవాలి. పొద్దటి పాలు పిండకుండా ఆపి, నిండిన పొదుగు చూపి అమ్మేవారు మనలోనూ ఉన్నారు. కాటా ముందు ఉప్పునీళ్లు తాగించేవారూ ఉన్నారు. కొనేవాడి రుమాలు తప్పయితే, అమ్మేవాడి ఉప్పునీళ్లూ తప్పే. బహిరంగ పద్ధతి వస్తే రెండు మోసాలూ పోవాలి.

చట్టం ఎవరి పక్షం?

1966లో వచ్చిన ఆంధ్రప్రదేశ్ మార్కెట్ల చట్టం పేరులోనే వ్యవసాయోత్పత్తులతో పాటు పశుసంపద కూడా ఉంది. తెలంగాణ ఏర్పడిన తరువాత మన రాష్ట్రమూ దాన్నే స్వీకరించింది. మార్కెట్ కమిటీలు ఒడ్లకు, పత్తికి మాత్రమే కాదు, పశువుల అమ్మకానికి కూడా బాధ్యులని దాని అర్థం. ఆ చట్టం ప్రకారం మార్కెట్ ఫీజు కట్టవలసింది కొన్నవాడు. కొన్నవాడెవడో తేలనప్పుడే అది అమ్మినవాడి మీద పడుతుంది. పంచాయతీ తైబజారు వేరు, మార్కెట్ కమిటీ ఫీజు వేరు. ఈ తేడా తెలియక రెండూ తన జేబులోంచే కట్టి వచ్చే రైతులెందరో ఉన్నారు.

తైబజారు విషయంలో ఇంకొక చిక్కుంది. అంగడి పాట ఎంత పెరిగితే పంచాయతీకి అంత ఆదాయం. మంచిదే. కానీ పాటదారు ఆ సొమ్ము రాబట్టుకునేది మేక తాడు పట్టుకుని వచ్చినవాడి దగ్గరే. కనుక పశువుకు ఇంత అని ముందే నిర్ణయించిన రుసుము పట్టికను గేటు దగ్గర పెద్ద అక్షరాలతో రాయించాలి. వసూలు చేసిన సొమ్ములో కొంతైనా నీళ్ల తొట్లకు, నీడకు, పశువులను ఎక్కించే దిమ్మెలకు ఖర్చు పెట్టాలి. ఎండలో నాలుగు గంటలు నీళ్లు లేక నిలబడ్డ బర్రె కళ తప్పుతుంది. కళ తప్పిన బర్రెకు ధర తప్పుతుంది. నీళ్ల తొట్టి కూడా ధరలో భాగమే.

పంట విషయంలో మార్కెట్లు ఎంతో దూరం వచ్చాయి. 2016 ఏప్రిల్ 14న కేంద్రం ఈ-నామ్ ప్రారంభించింది. మన నిజామాబాద్ మార్కెట్లో పసుపు ఆ పద్ధతిలో అమ్ముడవుతోంది. ఎవరు ఎంత వేశారో యంత్రం లెక్క కడుతుంది, హెచ్చు ధర వేసినవారికి సరుకు పోతుంది. పసుపు కొమ్ముకు కంప్యూటరు వచ్చింది. కోడెదూడకు కనీసం కాటా రావద్దా? బయటి దేశాల సంగతి చూస్తే బ్రిటన్, ఆస్ట్రేలియా వంటిచోట్ల పశువులను కటకటాల బరిలోకి తోలి, తూకం వేసి, బరువును బోర్డు మీద చూపి, అందరూ వినేటట్లు పాట పెట్టడం తరతరాలుగా ఉంది. అక్కడి రైతు మనకంటే తెలివైనవాడని కాదు. అక్కడ ధర చెవికి వినిపిస్తుంది, ఇక్కడ గుడ్డ కింద దాగుతుంది. తేడా అంతే.

వేలమంటే భయమెందుకు?

వేలం అనగానే కొందరు రైతులు జంకుతారు. వారి అనుమానాలు కొట్టిపారేయదగినవి కావు. కొనేవారందరూ కుమ్మక్కై పాట పెంచకపోతే? పాట తక్కువకు ఆగిపోతే పశువు చేజారదా? ఒకే ఒక్క మేక తెచ్చినవాడికోసం ఎవరు పాట పాడతారు?

మొదటిదానికీ రెండోదానికీ మందు ఒకటే. పాటకు ముందే రైతు తన కనీస ధర రాయించాలి. మోకిల ప్లాటుకు సర్కారు ఏం చేసిందో అదే. ఆ ధర రాకపోతే పశువును రుసుము లేకుండా వెనక్కు తోలుకుపోయే హక్కు ఉండాలి. పాటలో పాల్గొనేవారు ధరావతు కట్టి పేరు నమోదు చేసుకోవాలి. కుమ్మక్కు కనబడితే ధరావతు పోవాలి. దగ్గరి అంగళ్లలో ఆ వారం పలికిన ధరలు బోర్డు మీద రాస్తే కుమ్మక్కు కావడం అంత సులభం కాదు.

మూడోదానికి మందు రైతుల చేతిలోనే ఉంది. ఒక్క మేకకు పాట రాదు. ఇరవై మేకలకు వస్తుంది. టంగుటూరులో నాలుగు, పర్వేదలో ఆరు, చందిప్పలో అయిదు, ఎల్వర్తిలో అయిదు విడివిడిగా అంగడికి పోతే అవి ఇరవై బేరాలు, ఇరవై రుమాళ్లు. ఒకే వయసు, ఇంచుమించు ఒకే బరువు ఉన్నవాటిని కలిపి ఒకే లాటుగా కాటా ఎక్కిస్తే నగరం నుంచి పెద్ద కొనుగోలుదారు తన బండి తానే తెచ్చుకుంటాడు. రైతుకు ఆటో కిరాయి మిగులుతుంది. డబ్బును ఎవరి కిలోలకు తగ్గట్టు వారు పంచుకోవచ్చు. ఊరూరా గొర్రెల కాపరుల సహకార సంఘాలున్నాయి. మహిళా సంఘాలున్నాయి. పొదుపు లెక్కలు పైసతో సహా రాసే ఆడవాళ్లకు మేకల తూకం రాయడం ఒక పనా?

ఆడవాళ్ల మాట వచ్చింది కనుక ఇంకొకటి చెప్పాలి. మేకలను మేపేది, పిల్లలను సాకేది, ఈనిన రాత్రి మేలుకునేది చాలా ఇళ్లలో ఆడవాళ్లే. అంగడిలో మాత్రం వారు కనబడరు. మేక ఎంతకు పోయిందో మగవాడు వచ్చి చెప్పినదే లెక్క. తూకం, ధర, కొన్నవారి పేరు రాసిన రశీదు ఉంటే ఆ లెక్క ఇంటికి కూడా చేరుతుంది. రశీదు లేకుండా దారిలో పశువును తోలుకుపోయేవాడిని ఎవరైనా ఆపితే జవాబు చెప్పడం కష్టమని కూడా మరచిపోకూడదు.

చేయవలసినది

పెద్ద పెద్ద కోరికలు కోరడం లేదు. సంబంధిత అధికారులు, మార్కెట్ కమిటీల పెద్దలు ఈ నాలుగు మాటలు ఆలకిస్తే చాలు.

మొదటిది, మార్కెట్ కమిటీ యార్డులో జీవాలకు ఒకటి, పెద్ద పశువులకు ఒకటి చొప్పున కాటాలు పెట్టాలి. తూనికలు కొలతల శాఖ ముద్ర వాటి మీద ఉండాలి. తూకం కోరే హక్కు ప్రతి రైతుకూ ఉండాలి.

రెండవది, శంకర్‌పల్లి యార్డులో ప్రయోగంగా నెలకు ఒక్క రోజు జీవాలకు బహిరంగ వేలం పెట్టాలి. ముందు మేకలతో, గొర్రెలతో మొదలుపెట్టాలి. బక్రీదు, బోనాలు, దసరాకు ముందు వారాల్లో అదనంగా పెట్టాలి. బక్రీదు ఏటా పది పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది కనుక ఆ తేదీలు ఏడాది మొదట్లోనే ప్రకటిస్తే రైతు తన మేకను దానికి సిద్ధం చేసుకుంటాడు.

మూడవది, పశువైద్య సిబ్బందిని ఆ రోజున యార్డులో ఉంచాలి. 2019 నుంచి గాలికుంటు టీకాలతో పాటు పశువుల చెవులకు 12 అంకెల పోగు వేస్తున్నారు. వేలం పట్టికలో ఆ నంబరు, వేసిన టీకాలు రాస్తే కొనేవాడికి నమ్మకం, అమ్మేవాడికి ధర. 2022లో ముద్దచర్మ వ్యాధి ఎట్లా వ్యాపించిందో చూశాం. రోగమున్న పశువు అంగడి గేటు దాటకుండా చూడడం అందరికీ మేలు.

నాలుగవది, డబ్బు అదే రోజు చేతికో బ్యాంకు ఖాతాకో రావాలి. “వచ్చే అంగడికి ఇస్తా” అన్న మాట వేలంలో చెల్లకూడదు. బయానా ఇచ్చి మాయమయ్యేవారి కోసం రైతు అంగళ్లు తిరగడం ఇక చాలు.

ఇవి జరిగేదాకా రైతులు చేయగలిగినది ఒకటుంది. ఈ వారం అంగడికి పోయే ప్రతి రైతూ జేబులో టేపు ఒకటి పెట్టుకోవాలి. ఇంటి దగ్గరే కొలిచి, కిలోల లెక్క కాగితం మీద రాసుకుని పోవాలి. పక్క ఊరి రైతుతో ధర పంచుకోవాలి. బేరం మధ్యలో ఎవరైనా రుమాలు తీస్తే “పైకి చెప్పండి” అనాలి. ఒక్కరంటే నవ్వుతారు. పదిమందంటే వింటారు. అంగడంతా అంటే రుమాలు నెత్తికే పోతుంది, అక్కడే దానికి అందం.

మొన్న మళ్లీ ఒక మేకపోతును అమ్మాను. ఈసారి టేపు తీసుకుపోయాను. కొనవచ్చినవాడు మొదట నవ్వాడు. తరువాత చుట్టుకొలత అడిగాడు. చివరకు నేను అనుకున్న ధరకు 300 తక్కువకు తెగింది. గొప్ప గెలుపేమీ కాదు. అయితే ఆ రోజు ఇంటికి వస్తూ వెనక్కు తిరిగి అంగడి అవతలి మూల చూడాలనిపించలేదు. ప్రతి చిన్న రైతూ అంగడి నుంచి అట్లా తిరిగి రావాలనే ఈ నాలుగు మాటలు.